నారాయణగూడలోని తెలుగు బడి

చిల్కానగరునుండి నారాయణగూడకు రాదలచినవారు హబ్సిగూడ దాటి, తార్నాక చేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమును ఒరసికొని, విద్యానగరు మీదుగా నగరములోనికి వత్తురు. ఈ దారిలో 1939వ సంవత్సరమున తలుపులు తెరచిన ఆర్ట్సు కళాశాలా భవనము కలదు. దానిని ఎరుగనివారు హైదరాబాదులో నుండరు. దారి చివర నారాయణగూడలో ఒక బాలికల ఉన్నత పాఠశాల కలదు. దాని వంక తల యెత్తి చూచువారు అరుదు. ఆ రాతి భవనమునకును ఈ బడికిని నడుమ నున్నవి కొలది మైళ్లు మాత్రమే. కాని నిజాము పాలనాకాలమున ఈ బడిలో తెలుగున చదువు ముగించిన బాలికకు ఆ కొలది మైళ్లు దాటుటకు సూటియైన దారి లేకుండెను. ఆమె చదువునకు ముద్ర వేయుటకు మూడువందల మైళ్లకు పైబడిన దూరమున, పూనా నగరమున పుట్టిన మరియొక విశ్వవిద్యాలయము ముందుకు రావలసి వచ్చెను.

ఇంటి ముంగిట విశ్వవిద్యాలయము నుండగా పూనాకు పోవలసిన అవసరమేమి? సమాధానము భాషలో నున్నది.

1884వ సంవత్సరమున హైదరాబాదు రాజ్యమున పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాష యైనది. 1931వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము ఆ రాజ్యమున తెలుగు మాటలాడువారు దాదాపు సగము మంది. ఉర్దూ మాతృభాషగా గలవారు నూటికి సుమారు పదిమంది. న్యాయస్థానము, కచ్చేరి, ఉన్నత పాఠశాల, అన్నియు ఆ పదిమంది భాషలో నడచెను. 1917లో అక్బరు హైదరీ నిజామునకు ఒక విన్నపము సమర్పించిరి. పరభాషలో విద్య గరపినచో విద్యార్థి శక్తి యంతయు భాషను మోయుటకే చెల్లిపోవుననియు, విషయము మనసున నాటుకొనదనియు, విద్య ఇంటినుండి వేరుపడి పోవుననియు అందలి వాదము. దాని ఫలితముగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. భారతీయభాష ఒకటి బోధనభాషగా విశ్వవిద్యాలయమును నడపుట ఆ కాలమున సాహసమే. గ్రంథములను అనువదించుటకు ప్రత్యేకముగా ఒక అనువాద శాఖను నెలకొల్పి, పారిభాషిక పదములను సృష్టించి, వైద్యము మొదలు గణితము వరకు ఉర్దూలో బోధించిరి. అందుకు మెచ్చుకొనవలసినదే. అయితే ఆ విన్నపమున 'పరభాష' యన్నచోట ఆంగ్లమునకు బదులు ఉర్దూ అని వ్రాసికొని చదివినచో అది మహబూబునగరపు రైతుబిడ్డ విన్నపము కూడ నగును. ఆ విధముగ చదివిన అధికారి ఒక్కడును లేకపోయెను.

మగపిల్లలు ఈ చిక్కును తమకు తోచిన విధముగ దాటుకొనిరి. కొందరు ఉర్దూ నేర్చి ఉస్మానియాకు పోయిరి. కొందరు ఆంగ్లమున చదివి, మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండిన నిజాము కళాశాలలో చేరిరి. మరికొందరు రాజ్యము దాటిపోయిరి. బూర్గుల రామకృష్ణారావుగారు హైదరాబాదున ఉన్నత పాఠశాల విద్య ముగించి పూనాలోని ఫెర్గుసను కళాశాలకు పోయిరి. సురవరం ప్రతాపరెడ్డిగారు మదరాసున పట్టము పొంది, న్యాయవాదియై తిరిగి వచ్చి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. పిల్లవానిని పరభాషలో చదివించుటకు తండ్రులు వెనుదీయలేదు. ఉర్దూ వచ్చినచో కచ్చేరిలో కొలువు దొరకును. కొలువునకు తెలుగుతో పనియేమి? ఇది నాటి గృహస్థుని లెక్క. అతనిని తప్పు పట్టుటకు నాకు మనసొప్పదు.

ఆడపిల్లల సంగతి వేరు. నగరమున వారికి బడులు లేకపోలేదు. 1895లో వెలసిన స్టాన్లీ బాలికల పాఠశాల యున్నది. 1907లో స్థాపింపబడిన మహబూబియా యున్నది. మొదటిది క్రైస్తవ మిషనరీలది. రెండవది సర్కారు వారిది, ఉన్నత కుటుంబముల బాలికలకై ఆంగ్లపద్ధతిని నడచినది. తెలుగు గృహస్థు ఈ రెంటి గుమ్మముల యొద్దను సందేహించెను. తన కూతురు ఉత్తరము వ్రాయగలుగవలెను, భాగవతము చదువగలుగవలెను, ఇంటి పద్దు చూచుకొనగలుగవలెను. ఇవన్నియు ఏ భాషలో? ఇంటి భాషలోనే కదా! ఆడపిల్ల చదువునకు కొలువు గమ్యము కాదని లోకము తలచినందుననే, కొలువునకు పనికిరాని భాషయని తోసివేయబడిన తెలుగును ఉన్నత తరగతుల వరకు కొనిపోవు సాహసము ఒక ఆడపిల్లల బడిలో సాధ్యమైనదని నా అభిప్రాయము. చిన్నచూపు నుండి కూడ ఒక్కొక్కప్పుడు మేలు పుట్టును.

ఆ బడి లేని నాళ్లలో చదువు కోరిన తెలుగు బాలిక గతి యెట్లుండెనో తెలిసికొనుటకు మన ఉప్పలు బాట మీదనే ఒక నిదర్శనము కలదు. ఉప్పలునుండి వరంగల్లు పోవు దారిలో ఘటకేసరము వచ్చును. సంగం లక్ష్మీబాయిగారు 1911లో అచ్చట జన్మించిరి. వారు చదువుకొన్న చోట్లు చూడుడు: గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు నడపిన శారదానికేతనము, మదరాసులోని కళాశాల, కార్వే మహాశయుని మహిళా విశ్వవిద్యాలయము. ఈ మూడింటిలో ఒక్కటియు నిజాము రాజ్యములోనిది కాదు. ఆ రోజులలో ఒక ఆడపిల్ల ఘటకేసరమునుండి గుంటూరునకు పోయి చదువుటయన నేడు సముద్రము దాటుట వంటిది. అంత దూరము పోగలిగినవారు ఎందరుందురు?

పైని కార్వే పేరు వచ్చినది. మన కథకు ఆయన రెండుమార్లు కావలసినవాడు. మొదటిమారు కలిగినది చేదు సందర్భము.

1921 నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాల ఆవరణమున నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగినది. పూనానుండి వచ్చిన ధోండో కేశవ కార్వే అధ్యక్షులు. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసములు జరిగినవి. సభాసదులు శ్రద్ధగా వినిరి. పిమ్మట న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడ నారంభించిరి. సభలో గోల పుట్టినది. కొందరు కేకలు వేసిరి, చప్పట్లు చరచిరి. వక్త ముందుకు సాగలేకపోయెను. తెలుగు వారు సగముగా నున్న రాజ్యమున, ఆ రాజ్యపు రాజధానిలో, సంఘమును సంస్కరించుటకు కూడిన సభలోనే ఇది జరిగినది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట కూడి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. అందు మాడపాటి హనుమంతరావుగారు ముఖ్యులు. తెలంగాణమున తరువాత వచ్చిన ఆంధ్రోద్యమమునకు, గ్రంథాలయములకు, మహాసభలకు అదియే మొలక.

మాడపాటివారు 1885లో కృష్ణా మండలమున జన్మించినను బాల్యమునుండియు తెలంగాణమున పెరిగినవారు. హనుమకొండలో విద్యాశాఖ కచ్చేరిలో గుమాస్తాగా పనిచేసిరి. తరువాత హైదరాబాదు వచ్చి న్యాయవాది యైరి. ఉర్దూలో వారికి గల ప్రజ్ఞ సామాన్యమైనది కాదు. ఉర్దూ పత్రికలకు సంపాదకీయములు వ్రాసిన చేయి అది. ప్రేమచందు కథలను తెలుగున మొట్టమొదట పరిచయము చేసినవారిలో వారొకరు. ఉర్దూపై ద్వేషముతో తెలుగు బడి పెట్టిన మనిషి కారని చెప్పుటకే ఇది చెప్పుచున్నాను. ఒక భాషను లోతుగా ఎరిగినవానికే మరియొక భాష కోల్పోవుచున్నది యేదియో తెలియును.

1928వ సంవత్సరమున వారు హైదరాబాదున ఆంధ్ర బాలికల పాఠశాలను ప్రారంభించిరి. నేడు నారాయణగూడలో వారి పేరనే నిలిచియున్నది ఆ బడియే. అప్పటి పరిస్థితులను తలచుకొన్నచో ఆ ప్రయత్నము బరువు తెలియును. ఖాన్గీ పాఠశాల పెట్టదలచినవారు సర్కారు అనుమతి పొందవలెనను నిబంధన యున్నది. సభ చేయదలచినను అనుమతి కావలెను. తెలుగున ఉన్నత తరగతులకు బోధింపగల చదువుకొన్న స్త్రీలు తెలంగాణమున అరుదు. పెండ్లి యీడు వచ్చినదని పదవయేటనో పండ్రెండవయేటనో బాలికలను బడి మాన్పించు ఆచారము బలముగా నుండెను. ఉన్నత పాఠశాల యన పండ్రెండేండ్లు నిండిన పిదప కదా మొదలగునది! కావున ఈ బడి భాషతో మాత్రమే గాక పంచాంగముతో కూడ పోరాడవలసి వచ్చెను.

పుస్తకముల సంగతి యొకటి కలదు. చరిత్రము, ప్రకృతిశాస్త్రము తెలుగున చెప్పవలెనన్నచో తెలుగు పుస్తకములు కావలెను కదా. విచిత్రమేమనగా, తెలుగున శాస్త్రములు వ్రాయించుటకు పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి ఈ హైదరాబాదులోనే, 1906లో పుట్టినది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా ప్రభృతులు దానికి కర్తలు. అబ్రహాము లింకను చరిత్రము మొదలుకొని ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము వరకు ఆ మండలి ప్రకటించిన గ్రంథములు పేరెన్నిక గన్నవి. కొలది కాలమునకే మండలి మదరాసునకు తరలిపోయెను. పుస్తకము ముందు పుట్టి, దానిని చదువు తరగతి ఇరువదేండ్లకు వెనుక పుట్టుట మన దేశమున క్రొత్త కాదు.

బడి పెరిగి ఉన్నత తరగతులు వచ్చినవి. అప్పుడు అసలు చిక్కు తల యెత్తినది. పాఠశాల చివర పరీక్ష యుండవలెను. పరీక్ష చివర గుర్తింపు ఉండవలెను. ఉస్మానియా ప్రవేశపరీక్షకు బోధనభాష ఉర్దూ. మరియొక మార్గము ఆంగ్లము. తెలుగున చదివిన బాలికను పరీక్షింపగల అధికారి రాజ్యమున లేడు. మరి యేమి చేయవలెను? బోధనభాషను మార్చుకొని గుర్తింపు సంపాదించుటయా, భాషను నిలుపుకొని గుర్తింపును వేరొకచోట వెదకుటయా?

ఇచ్చట కార్వే మహాశయుడు రెండవమారు వచ్చును. ఆయన జపానులోని మహిళా విశ్వవిద్యాలయమును గూర్చిన చిన్న పుస్తకమొకటి చదివి, 1915 డిసెంబరులో బొంబాయి సంఘ సంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించినపుడు అట్టి సంస్థ మన దేశమునకు కావలెనని చెప్పి, మరుసటి యేడే పూనాలో దానిని ప్రారంభించిరి. 1920లో సర్ విఠలదాసు ఠాకర్సీ పదునైదు లక్షల రూపాయలు విరాళమిచ్చి, తన తల్లి నాథీబాయి పేరు దానికి పెట్టించిరి. మాతృభాషలో బోధన, ఆంగ్లము విధిగా ఒక పాఠ్యవిషయము, ఇంటినుండి చదివి పరీక్షకు కూర్చొనుటకు అనుమతి: ఇవి దాని పద్ధతులు. పట్టము పేరు కూడ ఆంగ్లము కాదు. మొదటి పట్టము 'గృహీతాగమ', దాని పైది 'ప్రదేయాగమ'. ఆ పేర్లు వినుటకు పురాతనముగా తోచును గాని, ఆ విశ్వవిద్యాలయము మన దేశమున స్త్రీలకై పుట్టినవానిలో మొదటిది.

నారాయణగూడ బడి ఈ కార్వే విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనది. 1921లో ఎవరి అధ్యక్షతన తెలుగు మాటకు నోరు లేకపోయెనో, ఆయన స్థాపించిన విద్యాపీఠమే తెలుగు బాలికకు నోరిచ్చినది. మాడపాటివారు ఆ సభను మరచి యుండరు. మరచి యుండకయు ఆ తలుపే తట్టిరి. వారి రాజనీతి యెట్టిదో తెలియుటకు ఈ ఒక్క సంగతి చాలును.

అయితే ఆ ముద్రకు విలువ యెంత? ఈ ప్రశ్నను దాటవేయరాదు. కార్వే విశ్వవిద్యాలయమునకు 1951 వరకు చట్టరీత్యా గుర్తింపు లేదు. దాని పట్టము చూపి సర్కారు కొలువు అడుగుటకు వీలు లేదు. ఉస్మానియాలో పై చదువునకు అది తాళపుచెవి కాదు. 1924లోనే హైదరాబాదున విశ్వవిద్యాలయ స్థాయిని స్త్రీల కళాశాల వెలసినను, అందును ఉర్దూయే. కావున ఈ బడిలో కూతురిని చేర్చిన ప్రతి తండ్రియు, చదువు ముగిసిన పిదప ఎచ్చటికి పంపుదువు అను ప్రశ్నకు సమాధానము లేకుండగనే చేర్చెను.

బడి యొక్క ఆత్మ అనునది సాధారణముగా జెండాలలో, ఆటపోటీలలో, పూర్వవిద్యార్థుల విందులలో కనబడునని చెప్పుదురు. మదరసా-ఎ-ఆలియా వంటి బడులకు ఆ వైభవము కలదు. అచ్చట చదివినవానికి బడి పేరే సగము సిఫారసు. నారాయణగూడ బడికి అట్టి సిఫారసు శక్తి లేదు. బయట ఎవరును గుర్తింపని చదువును లోపల అందరును ఒక వ్రతముగ నడపవలసి వచ్చినపుడు కలుగు పట్టుదల యొకటి యుండును. ఉపాధ్యాయినికి తాను పాఠము మాత్రమే గాక ఒక భాష పరువును చెప్పుచున్నానని తెలియును. పరీక్షలో తాను తప్పినచో తెలుగున చదివినందుననే తప్పినదందురని బాలికకు తెలియును. అంత బరువు పండ్రెండేండ్ల పిల్లపై పెట్టుట న్యాయమా అని అడుగవచ్చును. న్యాయము కాదు. కాని ఆ బరువును పెట్టినది బడి కాదు.

ఇక చదువు ముగించిన వారి మాట. పెక్కుమందికి తరువాతి అడుగు పెండ్లియే. దానిని చదువు వ్యర్థమైనట్లు చెప్పుట ఈనాటి తొందరపాటు. తెలుగున పత్రిక చదువగల, సభలో నిలిచి మాటలాడగల కోడలు ఒక ఇంటికి వచ్చుట ఆ ఇంటి చరిత్రలో చిన్న సంగతి కాదు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగినపుడు, దానితో పాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ కూడ జరిగినది. 1935లో సిరిసిల్లలో మాడపాటివారు మహాసభకు అధ్యక్షులు కాగా, మహిళాసభకు వారి భార్య మాణిక్యాంబగారు అధ్యక్షురాలైరి. ఆ యేడే హైదరాబాదున ఆంధ్రయువతీ మండలి వెలసినది. ఈ సభలకు వినువారు కావలెను, తీర్మానము వ్రాయువారు కావలెను. తెలుగున చదివిన స్త్రీలు లేకున్న ఆ సభలు ఒక్క యేటితో ముగిసియుండెడివి.

రెండవ అడుగు ఉపాధ్యాయిని వృత్తి. తెలుగు బడికి తెలుగు పంతులమ్మ కావలెను. ఆమె మరియొక తెలుగు బడినుండియే రావలెను. మూడవది రచన. ఈ సందర్భమున మా రేడియో మాట యొకటి. 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చిన దక్కను రేడియోలో ఉర్దూదే పెద్దపీట. 1950 ఏప్రిలు 1వ తేదీన అది ఆకాశవాణిలో చేరినది. ఆ పిమ్మట తెలుగు కార్యక్రమములు పెరిగి, తెలంగాణపు పలుకుబడిలో వ్రాయగల, చదువగల స్త్రీలు కావలసి వచ్చిరి. పాలమూరునుండి హైదరాబాదు వచ్చి చదువుకొన్న పాకాల యశోదారెడ్డిగారి 'మహాలక్ష్మి ముచ్చట్లు' విన్న ఇండ్లు ఈ నగరమున నేటికిని కలవు. అట్టి గొంతు ఒక్కనాట పుట్టదు. దాని వెనుక ఇరువదియేండ్ల బడి పలకలు ఉండును.

ఈ బడి అందరిదియు కాదని కూడ చెప్పవలెను. నగరమున నిలువ నీడ గల వకీళ్లు, ఉద్యోగులు, వ్యాపారుల బిడ్డలకు అందినంతగా నాటి ఉప్పలు, నాచారము వంటి పల్లెల కాపు బిడ్డలకు, కూలి బిడ్డలకు ఇది అందలేదు. ఉన్నత పాఠశాలలు నగరమునను జిల్లా కేంద్రములలోను మాత్రమే యుండిన కాలమది. ఎద్దులబండి దూరము ఒక ఆడపిల్ల చదువును ఆపుటకు చాలియుండెను.

1938లో ఒక మలుపు వచ్చినది. ఉస్మానియా విద్యార్థులు తమ వసతిగృహములలో వందేమాతరము పాడిరి. పాడరాదని ఆజ్ఞ. మానమని విద్యార్థులు. వందలకొలది యువకులను విశ్వవిద్యాలయమునుండి వెడలగొట్టిరి. వారిలో పెక్కుమందికి నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చినది. వరంగల్లు కళాశాల విద్యార్థి పి. వి. నరసింహారావు వారిలో ఒకరు. ఇంటి విశ్వవిద్యాలయము తలుపు మూసినచో పొరుగు రాష్ట్రము గుమ్మము తొక్కవలసి వచ్చుట యెట్టిదో మగపిల్లలకు అప్పుడు తెలిసినది. నారాయణగూడ బాలికలకు అది అంతకు ముందే నిత్యానుభవము. వారిని ఎవరును వెడలగొట్టలేదు. మొదటినుండియు లోనికి రానిచ్చియే యుండలేదు.

1948 సెప్టెంబరు తరువాత చిక్కుముడులు ఒక్కొక్కటిగా వీడినవి. ఉన్నత పాఠశాలలలో తెలుగు బోధనభాషగా నిలిచినది. ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చినది. తెలుగు పిల్లకు విశ్వవిద్యాలయములో మరల పరభాషయే ఎదురైనదని గమనింపవలెను. కార్వే విశ్వవిద్యాలయమునకు చట్టబద్ధమైన గుర్తింపు వచ్చిన 1951లోనే మాడపాటివారు హైదరాబాదు నగరమునకు మొట్టమొదటి మేయరుగా ఎన్నికైరి. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ శాసనమండలికి అధ్యక్షులుగా నుండి, 1970లో స్వర్గస్థులైరి. ఉర్దూలో మొదలైన స్త్రీల కళాశాల కోఠీలోని పాత రెసిడెన్సీ భవనమునకు చేరి, 2022లో మహిళా విశ్వవిద్యాలయ మైనది.

ఘటకేసరములో పుట్టిన లక్ష్మీబాయిగారు 1930 నాటి ఉప్పు సత్యాగ్రహమున జైలునకు పోయి, 1952లో హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1954 నుండి 1956 వరకు వారు హైదరాబాదు రాష్ట్రమున ఉపమంత్రి. వారికి అప్పగించిన శాఖ విద్య. ఒకనాడు తనకు బడి చూపలేకపోయిన రాజ్యపు పాఠశాలల కాగితములు వారి బల్లమీదికి వచ్చెను. పిదప మూడు పర్యాయములు లోక్‌సభకు పోయిరి. సైదాబాదు దారిలో ఐ. ఎస్. సదన్ అని బస్సులమీద వ్రాయు పేరు వారు స్థాపించిన ఇందిరా సేవాసదనముదే.